ఆయన వేలికి బదులు

సంతకం నేర్చుకున్న తర్వాత కూడా మమ్మల్ని వేలు అడుగుతారని నేను అనుకోలేదు.

నాకు అక్షరాలు వచ్చింది యాభై ఆరేళ్ల వయసులో. అంతకుముందు ఇరవై ఆరేళ్లు ఆబిడ్స్‌లో ఒక టిఫిన్ హోటల్లో గిన్నెలు తోమాను. హోటల్ మూతపడ్డాక మధ్యాహ్నాలు ఏం చేయాలో తోచేది కాదు. నాంపల్లిలో మా బస్తీ కమ్యూనిటీ హాలులో ఒక రిటైరైన టీచరమ్మ ఆడవాళ్లను కూర్చోబెట్టి చదువు చెబుతోందంటే వెళ్లాను. నా పేరు నేను రాయగలిగిన రోజు ఇంటికి వచ్చి, తలుపు పక్కన గోడ మీద బొగ్గుతో రాశాను. మా ఆయన చూసి, "గోడంత కరాబ్ చేసినవ్," అన్నాడు గానీ చెరపలేదు.

అప్పటినుంచి ఎవరు ఏ కాగితం ఇచ్చినా చదవకుండా వదలను. కరెంటు బిల్లు వెనక చిన్న అక్షరాలు కూడా చదువుతాను. దానికి కారణం మా నాన్న. పాలమూరు వైపు మా ఊళ్లో, బోరు వేయించే కాగితం అని చెబితే ఆయన బొటనవేలు వేశాడు. బోరు రాలేదు, ఉన్న రెండెకరాలు పోయాయి. ఆ కాగితంలో ఏం రాసి ఉందో ఆయనకు చచ్చేదాకా తెలియదు. మేము పట్నం వచ్చింది అందువల్లే. నాకు అప్పుడు పదేళ్లు. వేలికి అంటిన నీలం సిరాను నాన్న లుంగీకి తుడుచుకోవడం మాత్రం బాగా గుర్తుంది.

మా ఆయన నాంపల్లిలోనే ఒక ఫర్నిచర్ కార్ఖానాలో ముప్పై ఏళ్లు పాలిష్ పని చేశాడు. చెక్కపొడి, స్పిరిట్ వాసన, నడుమ నడుమ బీడీ. అరవై దాటేసరికి ఊపిరాడక దమ్ము మొదలైంది. మెట్లు ఎక్కితే దమ్ము, చొక్కా తొడుక్కుంటే దమ్ము. పోయిన చలికాలం లక్డీకాపూల్ దగ్గర ఒక పెద్ద దవాఖానకు తీసుకుపోతే, ఊపిరితిత్తులు చాలా పాడయ్యాయి, చేర్చాలి అన్నాడు డాక్టరు. మా ఆయన వినలేదు. ఆయన అన్నయ్య ఇదే జబ్బుతో దవాఖానలో చేరి తిరిగి రాలేదు. బెడ్డు పేరు ఎత్తితేనే ఈయన లేచి తలుపు వైపు నడుస్తాడు.

అప్పుడు డాక్టరు ఇంకో మాట చెప్పాడు. ఇంటికే ఆక్సిజన్ మిషను ఇస్తారట. వేలికి పెట్టే చిన్న యంత్రం ఒకటి, దానితో కలిసే ఫోను ఒకటి ఇస్తారట. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వేలికి పెడితే నంబరు దానంతట అదే దవాఖానలో వాళ్ల కంప్యూటరుకు చేరుతుంది. ఎనభై ఎనిమిది కంటే కిందికి పడితే మాత్రం మారుమాట లేకుండా వచ్చి చేరాలి. ఇవన్నీ ఊరికే ఇస్తారట, జబ్బు తగ్గుముఖం పట్టాక తిరిగి తీసుకుంటారట. మా ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. నాకు మాత్రం ఆ 'ఊరికే' అన్నచోట మనసు ఆగిపోయింది.

సామాను తెచ్చిన మనిషికి నలభై ఏళ్లు ఉంటాయి. మా గల్లీలోకి బండి రాదు, మిషనును భుజాన మోసుకుని వచ్చాడు. కూర్చోగానే ఐదు పేజీల కాగితం తీసి సంతకం పెట్టమన్నాడు. నేను చదివి పెడతానన్నాను. అరగంటలో రెండో పేజీ సగం దాకా వెళ్లాను. సమ్మతి, గోప్యత, సమాచార బదిలీ. ఒక్కో మాటనూ కూడబలుక్కుని చదివాను, చదివాక అర్థం కాలేదు. ఆ మనిషి గడియారం చూసుకుంటున్నాడు. మా ఆయన నా మోచేతిని పొడుస్తున్నాడు. మిగతా మూడు పేజీలూ చదవకుండానే సంతకం పెట్టాను. ఆ మూడు పేజీలు ఇప్పటికీ నన్ను వదలవు.

సంతకం అయ్యాక ఆ మనిషి తన సంచిలోంచి ఆ వేలి యంత్రం తీశాడు. బట్టలు ఆరేసే క్లిప్పులా నోరు తెరిచింది. లోపల ఎర్ర వెలుగు. "పెద్దాయనా, వేలు పెట్టు," అన్నాడు.

రేషను దుకాణంలో వేలు పెట్టే మిషనులో కూడా అదే ఎర్ర వెలుగు. సంతకం తీసుకున్నారు కదా, మళ్లీ వేలెందుకు? వేలిముద్రలను జిగురు మీద అచ్చు తీసి ముసలివాళ్ల పింఛన్లు లేపేస్తున్నారని అంతకు వారం ముందే టీవీలో చూశాను. మా ఆయన పింఛను పోస్టాఫీసులో ఆ వేలితోనే వస్తుంది. మేముండే రెండు గదులూ ఆయన పేరుమీదే ఉన్నాయి. కొత్త మనిషి ముందు గొడవ ఎందుకని నేను చాయ్ పెట్టే మిషతో లోపలికి వెళ్లాను. వచ్చేసరికి మా ఆయన వేలు యంత్రంలో ఉంది, ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటున్నారు.

ఆ మనిషి వెళ్లిపోయాక అడిగాను, అది ముద్ర తీస్తదా ఏంది, నీకేమన్న చెప్పిండా అని.

"ఏం చెప్తడు? వేలు పెట్టుమన్నడు, పెట్టిన," అన్నాడు మా ఆయన.

ఒకసారి పెట్టింది పోతే పోయింది, ఇకముందు ఆయన వేలు ఇవ్వకూడదనుకున్నాను. ఆ సాయంత్రం వేలు పెట్టే వేళకు నాకు ఉపాయం తట్టింది. నా వేళ్ల మీద గీతలు లేవు. ఇరవై ఆరేళ్లు బూడిద, పీచు, సబ్బు పొడి కలిసి వాటిని తినేశాయి. రేషను డీలరు నా పది వేళ్లూ ఒక్కొక్కటిగా పెట్టించి, తడి గుడ్డతో తుడిపించి, మళ్లీ పెట్టించి విసిగిపోయాడు. "నీ ఏళ్ల మీద ఏం లేదమ్మా, నున్నగున్నయి," అని చివరికి కన్ను చూపించే మిషను తెచ్చాడు. ఏమీ లేని వేలినుంచి ఎవరు ఏం దొంగిలిస్తారు? నా వేలు పెడితే వాళ్ల కంప్యూటరుకు ముద్ర దొరకదు, మాకు ఆక్సిజన్ మిషను ఉంటుంది. అంతవరకే ఆలోచించాను.

నంబరు సంగతి ఆలోచించలేదా అని తర్వాత అందరూ అడిగారు. ఆలోచించాను. రక్తంలో గాలి ఎంత ఉందో చెబుతుంది అన్నారు. ఒకే ఇల్లు, ఒకే తిండి, ఒకే గాలి పీల్చే మనుషులం, ఒకటి అటో ఇటో తేడా ఉంటుందేమో అనుకున్నాను. పైగా రోజు విడిచి రోజు దవాఖాన నుంచి ఒక అమ్మాయి ఫోను చేసి అన్నీ అడుగుతుంది కదా, దగ్గు, కఫం, నిద్ర, నడక అన్నీ. వాటికి ఉన్నది ఉన్నట్టు చెబితే సరిపోతుంది అనుకున్నాను.

నా వేలికి తొంభై ఏడు వచ్చింది. మా ఆయన తొంగి చూశాడు. "మంచిగనే ఉన్న గదా నేను," అన్నాడు. నా చేతినుంచి యంత్రం తీసి డబ్బాలో పెట్టి, గూట్లో జాగ్రత్తగా దాచింది ఆయనే. ఏ పని చెప్పినా పది మాటలు అనే మనిషి దీని గురించి ఒక్క మాట అడగలేదు. అప్పుడు నాకది వింతగా అనిపించలేదు.

ఫోను చేసే అమ్మాయిని కూడా నేను నమ్మలేదు. టీవీలో వార్తలు చదివినట్టు మాట్లాడేది, ప్రతి మాట చివరా 'అండి'. వాళ్లది కోస్తా వైపు అట, తాతల కాలంలోనే ఇక్కడికి వచ్చారట. ఇవన్నీ నేనే ఆరా తీశాను. ఆమె నన్ను ఒకటి అడిగితే నేను ఆమెను రెండు అడిగేదాన్ని. మీ ఆఫీసు ఎక్కడ, ఎన్నో అంతస్తు, మా నంబర్లు ఎవరు చూస్తారు అని. ఆమె ఓపికగా చెప్పేది. అంత ఓపిక ఎవరికి ఉంటుంది అని నాకు ఇంకా అనుమానం. ఆమె ఫోను పెట్టేశాక ఆ ఫోను మీద గిన్నె బోర్లించేదాన్ని, మా మాటలు వింటుందేమోనని.

ఆరో రోజు చూసి వద్దామని బయలుదేరాను. మా ఆయనకు కూరగాయలకని చెప్పి, నాంపల్లినుంచి లక్డీకాపూల్‌కు నడిచాను. దారి పొడుగునా బోర్డులు చదువుకుంటూ వెళ్లాను, అందుకే ఆలస్యమైంది. ఆ అమ్మాయి చెప్పినట్టే మూడో అంతస్తులో అద్దాల గది ఉంది. లోపల నలుగురైదుగురు ఆడపిల్లలు చెవులకు ఫోన్లు తగిలించుకుని మాట్లాడుతున్నారు. ఒక్కొక్కరి ముందు తెర. తెర మీద వరసలు వరసలుగా నంబర్లు, కొన్ని ఎర్రగా, కొన్ని పసుపుగా, చాలా వరకు పచ్చగా. అద్దానికి ఇవతల నిలబడి చూశాను. ఆ పచ్చ వరసల్లో ఒకటి మా ఆయన పేరు మీద ఉన్న నేను. లోపలికి వెళ్లి అడుగుదామా అనిపించింది. కాపలా మనిషి వచ్చి ఎవరు కావాలన్నాడు. ఎవరూ వద్దని చెప్పి మెట్లు దిగాను.

వాళ్లు నిజంగానే ఉన్నారని తెలిశాక అనుమానం తగ్గాలి. నాకు తగ్గలేదు. అన్ని నంబర్లు కూడబెట్టి ఏం చేసుకుంటారు అనే కొత్త ప్రశ్న పుట్టింది.

ఈలోగా మా ఆయన నీరసించిపోతున్నాడు. స్నానాల గదికి వెళ్లి వచ్చి మంచం మీద కూలబడి, రెండు చేతులు మోకాళ్ల మీద ఆనించి, భుజాలతో గాలి లాగేవాడు. అన్నం రెండు ముద్దలకే దమ్మొచ్చి కంచం పక్కకు నెట్టేవాడు. పెదవులు నేరేడుపండు తిన్నట్టు అయ్యాయి. ఫోనులో అమ్మాయికి అవన్నీ చెప్పాను. తినడం లేదు, మాట పూర్తి చేయడం లేదు, కాళ్లు కొంచెం ఉబ్బాయి అన్నాను. ఆమె రాసుకునేది. "కానీ నంబర్లు చాలా బాగున్నాయమ్మా, మీరు కంగారు పడకండి," అనేది. నేను నోటితో చెప్పింది నిజం, వేలితో చెప్పింది అబద్ధం. వాళ్లు వేలినే నమ్మారు.

వాళ్లనెందుకు అనాలి, నేనూ నమ్మాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. రోజూ తొంభై ఏడు, తొంభై ఎనిమిది చూసి చూసి, నంబరు మంచిగుంది గదా, మరి మనిషి ఎందుకిట్లా ఉన్నాడు అని నాలో నేనే అనుకున్నాను. మందుల్లో ఏదో కలిపారనుకున్నాను. ఆక్సిజన్ మిషను ఉత్త గాలి కొడుతోందని అనుకుని, గొట్టం దగ్గర చెయ్యి పెట్టి చూశాను. వేలు నాదని మాత్రం ఆ ఆలోచనల్లోకి రాలేదు.

పన్నెండో రోజు అమ్మాయి మంచి వార్త అన్నట్టు ఫోను చేసింది. పన్నెండు రోజులుగా నంబర్లు నిలకడగా ఉన్నాయి కాబట్టి పెద్దాయనకు ఇంట్లో ఆక్సిజన్ అవసరం లేదని డాక్టరుగారు అనుకుంటున్నారట. ఇంకో రోగి మిషను కోసం ఎదురుచూస్తున్నాడట. శుక్రవారం మనిషి వచ్చి తీసుకుపోతాడట. ఊరికే ఇచ్చింది ఇందుకా, అలవాటు చేసి లాక్కోవడానికా అనిపించింది ముందు. వెనక్కి తిరిగి చూస్తే మా ఆయన ముక్కుకు గొట్టం పెట్టుకుని, కళ్లు మూసుకుని, దానిమీదే బతుకుతున్నాడు. మిషను తీసుకుపోతే ఈ మనిషి ఉండడు అని ఆ క్షణం నాకు తెలిసిపోయింది. సంగతి చెబుదామని నోరు తెరిచాను. ఆ ఐదు పేజీల కాగితం గుర్తుకొచ్చింది. చదవని మూడు పేజీల్లో, తప్పుడు వేలు పెడితే ఏం చేస్తామో రాసి ఉందేమో. నోరు మూసుకున్నాను.

మర్నాడు పొద్దున వేలి యంత్రం ఫోనుతో కలవలేదు. అలా అయినప్పుడు వేలికి పెట్టి, నంబరు కనబడేలా ఫొటో తీసి పంపమని ముందే చెప్పారు. ఎడమ చేతి వేలికి పెట్టుకుని, కుడి చేత్తో ఫోను పట్టుకుని తీశాను. పంపాను. పావుగంట కాకుండానే అమ్మాయి ఫోను.

"అమ్మా, ఇప్పుడు పంపిన ఫొటో పెద్దాయనదేనా అండి?"

"ఔ."

"పెద్దాయన గాజులు వేసుకుంటారా?"

నేను చేతి వైపు చూసుకున్నాను. ఆకుపచ్చ మట్టి గాజులు, అరడజను. నాంపల్లి ఎగ్జిబిషన్‌లో వేయించుకున్నవి. ఇక దాచడానికి ఏమీ లేదు. మా నాన్న దగ్గర మొదలుపెట్టి రేషను డీలరు దాకా అంతా చెప్పాను. అటునుంచి టకటకమని ఏదో కొడుతున్న చప్పుడు వినబడింది. నా మీద రాస్తోంది అనుకున్నాను.

ఆమె కోప్పడలేదు. యంత్రాన్ని తెరిచి లోపల చూడమంది. వెలుగు ఎటువైపు ఉంది అని అడిగింది. గోరు వైపు ఉంది. "ముద్ర ఉండేది కింది వైపు కదమ్మా. ఇది గోరు మీదనుంచి వేలిలోకి వెలుగు పంపి రక్తం రంగు చూస్తుంది, అంతే. ముద్ర దీనికి కనబడదు," అంది. ఆ యంత్రాన్ని పదమూడు రోజులు చేతిలో పట్టుకున్నాను, ఒక్కసారి లోపల చూడలేదు. ఆ తర్వాత ఆమె గొంతు మారింది. "ఇప్పుడు పెద్దాయన వేలికి పెట్టండి. నంబరు నా ఎదుట తెరమీదకు రావడం లేదు, మీరే చదివి చెప్పాలి. నేను లైన్లో ఉంటాను."

మంచం దగ్గరికి వెళ్లాను. మా ఆయన చెయ్యి దుప్పటి కిందికి లాక్కున్నాడు. నేను బయటికి లాగాను. వేలు చల్లగా, కుళాయి కింద పెట్టినట్టు ఉంది. యంత్రం చాలాసేపు గీతలే చూపించింది. తర్వాత ఎనభై మూడు వచ్చింది. చూస్తుండగానే ఎనభై ఒకటికి దిగి అక్కడ నిలబడింది.

ఆయన కూడా చూశాడు. మాటకీ మాటకీ మధ్య గాలి తీసుకుంటూ, చిన్నగా అన్నాడు. "నీదే పెట్టు. ఆమెకేం కనబడ్తదా?"

"గది ముద్ర తీసేది కాదంట."

"నాకెరుకనే. గా మనిషి వచ్చిన్నాడే చెప్పిండు, నువ్వు చాయ్ పెట్టబోయినప్పుడు."

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. దవాఖానను అనుమానించాను, అమ్మాయిని అనుమానించాను, ఫోను మీద గిన్నె బోర్లించాను. పక్కనే పడుకున్న మనిషిని మాత్రం అనుమానించలేదు. నా భయం ఆయనకు పనికొచ్చింది. నా వేలికి తొంభై ఏడు వస్తుంటే ఆయనను చేర్చమని అడిగేవాళ్లు ఉండరు. అందుకే యంత్రాన్ని గూట్లో అంత భద్రంగా దాచాడు. మిషను తీసుకుపోతారని నేను చెప్పినా ఊరుకున్నాడు. మిషను లేకుండా ఇంట్లో పోవడానికి ఒప్పుకున్నాడు గానీ, దవాఖానకు ఒప్పుకోలేదు.

"అమ్మా, ఎంత వచ్చిందండి?" ఫోనులో అడుగుతోంది.

మా ఆయన తల అడ్డంగా ఊపాడు. నా మణికట్టు పట్టుకున్నాడు. పట్టులో బలం లేదు, కళ్లలోనే ఉంది. తొంభై ఆరు అని ఒక్క మాట అంటే చాలు, ఆమెకు కనబడదు. నలభై ఏళ్లుగా ఆయన అడిగింది నేను కాదన్నవి తక్కువ.

"ఎనభై ఒకటి," అన్నాను.

ఆయన నా చెయ్యి వదిలేసి గోడ వైపు తిరిగాడు.

బండి గంటలోపే వచ్చింది. గల్లీ మొదట్లోనే ఆగింది. ఇద్దరు మనుషులు ఆయనను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మోశారు. గుమ్మం దాటేటప్పుడు తలుపు చెక్కను పట్టుకున్నాడు, నేనే ఆ వేళ్లు విడిపించాల్సి వచ్చింది. "పట్టిచ్చినవ్ గదనే," అన్నాడు.

తొమ్మిది రోజులు ఉంచుకున్నారు. మొదటి మూడు రోజులు ముఖానికి బిగించిన మాస్కు తీయలేదు. ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే మా చేతుల్లో ఉండేది కాదమ్మా అన్నాడు డాక్టరు. నన్ను బెదిరించడానికి అన్నాడో, నిజమే అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. నేను అడగలేదు. పదో రోజు ఆయన తన కాళ్ల మీద నడిచి గల్లీలోకి వచ్చాడు, మధ్యలో రెండుసార్లు ఆగి. ఆక్సిజన్ మిషను మాకే ఉంచారు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు చారులో ఉప్పు లేదన్నాడు.

దవాఖానలో ఆయనకు ఊపిరి వదలడం నేర్పారు. ముక్కుతో పీల్చి, వేడి చాయ్ ఊదినట్టు పెదవులు గుండ్రంగా చేసి మెల్లగా వదలాలి. దమ్ము వచ్చినప్పుడు అలా చేస్తే కుదుటపడుతుంది. మంచిదే. కానీ వారం తిరక్కుండా నేను ఒకటి కనిపెట్టాను. వేలు పెట్టే వేళకు కొంచెం ముందు ఆయన కిటికీ దగ్గరికి వెళ్లి, నాకు వీపు తిప్పి నిలబడుతున్నాడు. వీపు చూస్తే చాలు, ఊదుతున్నాడని తెలుస్తుంది. అలా పది పదిహేను సార్లు ఊది వచ్చి వేలు పెడితే తొంభై రెండు. కాసేపాగి నేను మళ్లీ పెడితే ఎనభై తొమ్మిది.

ఫోను చేసే అమ్మాయికి చెప్పాను. ఆమె నవ్వింది, ఆ తర్వాత నవ్వు ఆపి, ఇకనుంచి ఊదకముందటి నంబరే పంపండి అంది.

అందుకే ఇప్పుడు ఆయన కళ్లు తెరవగానే, మంచం మీదనుంచి లేవకముందే, చెయ్యి నా ఒళ్లోకి తీసుకుని వేలికి పెడతాను. పొద్దుగాల్నే పోలీసోళ్ల లెక్క వస్తవేందే, అంటాడు. నంబరు నిలబడేదాకా ఆయన పెదవుల వైపే చూస్తుంటాను.